రేపటిని ముందే రాసిన నవలలు: ఆర్వెల్, హక్స్‌లీ, బ్రాడ్‌బరీ, ఫోర్‌స్టర్, బట్లర్‌లలో ఎవరితో మొదలుపెట్టాలి?

మన కాలపు కష్టాలను ముందే పసిగట్టిన రచయిత ఎవరని అడిగితే ఎవరి నోటైనా మొదట వచ్చే పేరు ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ రాసిన జార్జ్ ఆర్వెల్. ఆ వెంటనే ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాసిన ఆల్డస్ హక్స్‌లీ. ఇద్దరూ గొప్పవాళ్లే, తప్పకుండా చదవాల్సినవాళ్లే. కానీ ఉద్యోగం, పిల్లలు, ప్రయాణాల మధ్య ఏడాదికి మూడు నాలుగు పుస్తకాలకు మించి వీలుపడనివాళ్లకు నేను ఆర్వెల్‌తో మొదలుపెట్టమని చెప్పను. ఇ.ఎం. ఫోర్‌స్టర్ 1909లో రాసిన ‘ద మెషీన్ స్టాప్స్’ అనే పెద్ద కథ ముందు చదవమంటాను. దాని తర్వాత ఆక్టేవియా బట్లర్ నవల ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’. ఆర్వెల్ ఆ తర్వాతే. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను, మీ అవసరం వేరైతే వరస మార్చుకోవచ్చు.

‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనడం మనకు అలవాటు. ఏ కొత్త వింత కనబడినా కాలజ్ఞానంలో దానికి సరిపోయే మాట వెతుక్కుంటాం. ఈ నవలలను కూడా చాలామంది అలాగే చదువుతారు. చెవిలో పెట్టుకునే రేడియో ఎవరు రాశారు, గోడంత టీవీ ఎవరు రాశారు, వీడియో కాల్ ఎవరు రాశారు అని లెక్క కడతారు. వస్తువును ఊహించడం అంత గొప్ప సంగతేమీ కాదు. ఆ వస్తువు ఇంట్లోకి వచ్చాక తల్లి కొడుకుతో ఎలా మాట్లాడుతుంది, మొగుడూ పెళ్లాల మధ్య ఏం మిగులుతుంది, ఆఫీసులో మనిషి ఏ అబద్ధానికి అలవాటుపడతాడు, ఇవి రాయడం కష్టం. నా మొదటి కొలత అది.

రెండో కొలత, కీడు ఎవరి చేతి మీదుగా వస్తుందని ఆ రచయిత అనుకున్నాడన్నది. ఆర్వెల్‌కు అది ప్రభుత్వం. హక్స్‌లీకి కూడా ప్రభుత్వమే, కాకపోతే లాఠీకి బదులు మిఠాయి పట్టుకున్న ప్రభుత్వం. బ్రాడ్‌బరీ జనమే కోరి తెచ్చుకున్నారన్నాడు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ మనం సంతకం పెట్టిన కాగితంలో చూపించాడు. ఫోర్‌స్టర్ సౌకర్యంలో, బట్లర్ మనం పట్టించుకోకుండా వదిలేసిన వాటిలో చూశారు. మిమ్మల్ని నిజంగా వేధిస్తున్నది వీటిలో ఏదో తెలిస్తే పుస్తకం ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

ఒక్క సాయంత్రంలో అయిపోయేది: ఫోర్‌స్టర్

ఫోర్‌స్టర్ పేరు మన దేశంలో ‘ఎ పాసేజ్ టు ఇండియా’తో ముడిపడి ఉంది. ఆ నవల 1924 నాటిది. దానికి పదిహేనేళ్ల ముందు, ఆయన ఇంకా భారతదేశంలో అడుగుపెట్టకముందే, ‘ద మెషీన్ స్టాప్స్’ అచ్చయింది. అప్పటికి టీవీ లేదు, ఇంటింటికీ రేడియో లేదు. సైన్సు వల్ల లోకం స్వర్గమవుతుందని హెచ్.జి. వెల్స్ రాస్తున్న రోజులవి. ఆ స్వర్గాల్లో ఒకదానికి ఎదురుగానే ఈ కథ రాశానని ఫోర్‌స్టర్ తర్వాత చెప్పాడు.

కథలో మనుషులంతా నేల కింద, తేనెపట్టు అరల్లాంటి ఆరు మూలల గదుల్లో, గదికొకరు చొప్పున ఉంటారు. మీట నొక్కితే తిండి, మీట నొక్కితే స్నానం, మీట నొక్కితే సంగీతం. వాష్తి అనే తల్లి ఒక గదిలో ఉంటే, కూనో అనే కొడుకు భూగోళానికి అవతలి వైపు ఇంకో గదిలో ఉంటాడు. ఆమె చేతిలోని గుండ్రటి పలకలో నీలం వెలుగు పరుచుకుని కొడుకు ముఖం కనబడుతుంది. నువ్వు వచ్చి నన్ను చూడాలంటాడు వాడు. చూస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలంటుంది తల్లి. పలకలో కనబడేది నీలాంటిదేదో, అది నువ్వు కాదని కొడుకు గోల.

వాడితో మాట్లాడటానికి ఆమె మిగతా లోకాన్ని కాసేపు ఆపి పెడుతుంది. మాటలయ్యాక మళ్లీ మీట తిప్పగానే, మూడు నిమిషాల్లో పోగుపడినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. గది నిండా గంటల మోత. కొత్త వంటకం ఎలా ఉంది, ఇంకొకళ్లకు చెప్పదగిందేనా, ఈ మధ్య మీకేమైనా ఆలోచనలు వచ్చాయా, మా ఆలోచన ఒకటి వింటారా... సైలెంట్‌లో పెట్టిన ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు మనం పడే అవస్థ ఇదే. ఆమెకు కొన్ని వేలమందితో పరిచయం ఉంది. కొడుకు దగ్గరికి రెండు రోజుల ప్రయాణమంటే మాత్రం గుండె దడ. ఎట్టకేలకు గాల్లో ఎగిరే ఓడ ఎక్కుతుంది. కింద హిమాలయాలు కనబడితే, ఈ కొండలు చూస్తే నాకు ఏ ఆలోచనా రావడం లేదు, కిటికీ మూసేయమంటుంది. తూలిపడబోతుంటే ఆసరాగా చెయ్యి చాచిన పరిచారికను, నన్ను ముట్టుకుంటావా అని కసురుతుంది. మనిషిని మనిషి తాకడం అక్కడ ఏనాడో పోయింది.

తెనాలిలో, కరీంనగర్‌లో, అనంతపురంలో పిల్లల్ని అమెరికాకు పంపిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన ఇళ్లలో ఒక్కసారి వచ్చి వెళ్లరా అని అడిగేది తల్లి, రోజూ వీడియోలో చూస్తున్నావు కదమ్మా అనేది కొడుకు. ఫోర్‌స్టర్ దాన్ని తిరగేసి రాశాడు. అందుకే చదువుతున్నప్పుడు తప్పించుకోవడానికి దారి దొరకదు.

అయినా నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైనది చివరి భాగం. యంత్రం మెల్లగా పాడవుతుంది. వాష్తికి ఇష్టమైన సంగీతంలో మధ్యమధ్య ఎవరో ఎగశ్వాస తీస్తున్నట్టు చప్పుడు వస్తుంది. మరమ్మతుల సంఘానికి ఫిర్యాదు చేస్తుంది. త్వరలో సరిచేస్తామని జవాబు. చెయ్యరు. కొన్నాళ్లకు ఆ చప్పుడు కూడా పాటలో భాగమేనన్నట్టు అందరి చెవులూ సర్దుకుంటాయి. పండ్లకు బూజు పడుతుంది, స్నానాల నీళ్లు కంపు కొడతాయి, యంత్రం అల్లే కవిత్వంలో ప్రాసలు తప్పుతాయి. ప్రతిదానికీ మొదట గట్టిగా గొడవ చేస్తారు, తర్వాత ఊరుకుంటారు, ఆ తర్వాత మరిచిపోతారు. ఒక సమాజం ఎలా కుంగిపోతుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన కథ నేను ఇంకొకటి చదవలేదు. సేవ నాసిరకమైపోతున్నా కస్టమర్ కేర్ నంబరుకు రెండుసార్లు ఫోన్ చేసి, విసిగి, దానికే అలవాటుపడిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు.

ఇంకో సంగతి. ఆ లోకంలో సొంతంగా చూసి తెలుసుకోవడం మోటుతనం కింద లెక్క. ఒక పెద్ద ఉపన్యాసకుడు, నేరుగా పుట్టిన ఆలోచనలకు దూరంగా ఉండండని బోధిస్తాడు. ఫ్రెంచి విప్లవం గురించి మిరాబో ఏమన్నాడో దాన్ని కార్లైల్ ఏమనుకున్నాడో, కార్లైల్ అనుకున్నదాన్ని లాఫ్కాడియో హెర్న్ ఏమనుకున్నాడో, అలా చేతులు మారి మారి వచ్చిందే శుద్ధమైన జ్ఞానమంటాడు. పుస్తకం బదులు సారాంశం, సారాంశం మీద వీడియో, ఆ వీడియో మీద ఏఐ రాసిచ్చే నాలుగు ముక్కలు చదివి అభిప్రాయం ఏర్పరచుకునే మన రోజులకు ఇంతకన్నా దగ్గరి మాట ఏముంటుంది?

లోపం కూడా చెప్పాలి. పాత్రలు పలచన. ఆ యంత్రం వెనక ఎవరున్నారు, లాభం ఎవరికి అన్నది ఫోర్‌స్టర్ పట్టించుకోలేదు. డబ్బు గురించి, పెత్తనం గురించి తెలుసుకోవాలంటే మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఆర్వెల్, హక్స్‌లీ: పాత పోటీ

ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజమైందన్న వాదం చాలా పాతది. నిజానికి ఆ వాదం మొదలుపెట్టింది హక్స్‌లీయే. ఈటన్ స్కూల్లో కొన్నాళ్లు ఫ్రెంచి చెప్పినప్పుడు ఆర్వెల్ ఆయన విద్యార్థి. ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ 1949 జూన్‌లో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో హక్స్‌లీ ఆర్వెల్‌కు ఉత్తరం రాస్తూ పుస్తకాన్ని మెచ్చుకుని, పాలకులు ముఖం మీద బూటుకాలు పెట్టి తొక్కే పద్ధతిని ఎల్లకాలం నమ్ముకోరు, పసితనం నుంచే మనసును మలచడం జైళ్లకన్నా చవకని వాళ్లే తెలుసుకుంటారన్నాడు. మూడు నెలలకు, 1950 జనవరి 21న, ఆర్వెల్ క్షయతో 46 ఏళ్లకే పోయాడు.

ఆర్వెల్ మన గడ్డమీద, బిహార్‌లోని మోతీహారీలో 1903లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ తానే బర్మాలో అయిదేళ్లు పోలీసు అధికారిగా చేశాడు, యుద్ధకాలంలో బీబీసీ నుంచి భారతదేశానికి ప్రసారాలు చేశాడు. పరాయి పాలన ఎలా పనిచేస్తుందో, ప్రచారం ఎలా వండుతారో లోపలి నుంచి చూసినవాడు. ఆ పుస్తకంలో జీవం ఎక్కడిదంటే అక్కడిదే.

అందరూ చెప్పుకునేది గోడమీద నుంచి మనిషిని చూసే టెలిస్క్రీన్ గురించి. నన్నడిగితే దాన్ని పక్కన పెట్టి కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ఉద్యోగం మీద దృష్టి పెట్టి చదవండి. పాత పత్రికల్లో ప్రభుత్వానికి ఇబ్బందయ్యే వార్తలను తిరగరాయడం అతని పని. ఈ ఏడాది చాక్లెట్ రేషన్ తగ్గించబోమని సర్కారు మాటిచ్చి ఉంటుంది. తీరా 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తున్నారు. కాబట్టి ఆ మాటే ఇవ్వలేదన్నట్టు, తగ్గించాల్సి రావచ్చని ముందే హెచ్చరించినట్టు విన్‌స్టన్ పాత పేపరును మారుస్తాడు. ఆ తర్వాత టెలిస్క్రీన్‌లో వార్త: రేషన్‌ను 20 గ్రాములకు పెంచినందుకు ప్రజలు ఊరేగింపులు తీసి కృతజ్ఞతలు చెప్పారట! నిన్నగాక మొన్న తగ్గించారన్న సంగతి పక్క టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి గుర్తులేదు. గుర్తున్న ఒక్కడు, విన్‌స్టన్, తనకే మతి పోయిందేమోనని భయపడుతున్నాడు.

తన ఆఫీసు గదిలోనే విన్‌స్టన్ కామ్రేడ్ ఓగిల్వీ అనే లేని వీరుణ్ని పుట్టిస్తాడు. నాలుగు వాక్యాలు, రెండు దొంగ ఫొటోలు చాలు, వాడు చరిత్రలో ఉన్నవాడైపోతాడు. జనం కోసం పాటలు కట్టే యంత్రం, నవలలు తయారుచేసే యంత్రాలు కూడా ఆ నవలలో ఉన్నాయి. ఎన్నికల వేళ చచ్చిపోయిన నాయకుడి గొంతుతో కొత్త మాటలు చెప్పించే రోజుల్లో ఈ అధ్యాయాలు చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

నిఘా విషయంలో మాత్రం ఆర్వెల్ ఊహ మన కాలానికి పూర్తిగా సరిపోదు. ఆయన లోకంలో టెలిస్క్రీన్లు ఎక్కువగా పాలక పార్టీ మనుషుల ఇళ్లలోనే ఉంటాయి, నూటికి 85 మంది శ్రామిక జనాన్ని సర్కారు దాదాపు పట్టించుకోదు. మనకు జరిగింది దీనికి తలకిందులు. అందరి జేబులోనూ పరికరం ఉంది, దాన్ని మనమే ఈఎమ్‌ఐలో కొనుక్కున్నాం. అయినా న్యాయం, పౌరహక్కుల మాట వచ్చినప్పుడు ఆర్వెల్ తప్పడు. ఫోన్లలోకి నిఘా సాఫ్ట్‌వేర్ చొప్పించారన్న ఆరోపణల మీద సాగిన పెగాసస్ కేసులో 2021 అక్టోబర్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈ నవలలోని వాక్యంతోనే మొదలవుతుంది: రహస్యం కాపాడుకోవాలంటే దాన్ని నీ నుంచి నువ్వు కూడా దాచుకోవాలి అని. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించింది మన పొన్నవరం నుంచి వెళ్లిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ.

ఇక ‘బ్రేవ్ న్యూ వరల్డ్’, 1932. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు. పిల్లల్ని సీసాల్లో పెంచి, పుట్టకముందే ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని అయిదు వర్గాలుగా విడదీస్తారు. నిద్రలో చెవి దగ్గర పాఠాలు వినిపిస్తారు. బీటా పిల్లలకు చెప్పే పాఠం ఏమిటంటే: ఆల్ఫాలు పాపం ఎక్కువ కష్టపడాలి, గామాలు తెలివితక్కువవాళ్లు, నేను బీటాగా పుట్టడం ఎంత అదృష్టమో. పైవాడి మీద అసూయ లేదు, కిందివాడి మీద జాలి లేదు. కులం ఎలా నిలబడుతుందో తెలిసిన మనలాంటివాళ్లకు ఈ పేజీలు యూరప్ పాఠకుడికన్నా లోతుగా అర్థమవుతాయి. హక్స్‌లీని మనం మత్తుమందుల రచయితగా, సుఖాల రచయితగా చదవడం మాని, ఈ కోణంలో చదవాలని నా గట్టి నమ్మకం.

వస్తువుల మోజు మీద ఆయన రాసింది కూడా చురుకైనది. అతుకు వేసుకోవడంకన్నా పారేయడం మేలన్నది పిల్లలకు నిద్రలో నూరిపోసే సూక్తి. పూలంటే ఇష్టం ఉంటే మనిషి ఊరికే కూర్చుని చూస్తాడు, ఫ్యాక్టరీకి లాభం లేదు. అందుకని పసివాళ్లకు కరెంటు షాకులిచ్చి పూలంటే, పుస్తకాలంటే భయం పుట్టిస్తారు. పల్లెటూరి ప్రకృతి మీద ఇష్టం చంపేసి, అక్కడ ఆడే ఖరీదైన ఆటల మీద ఇష్టం మాత్రం ఉంచుతారు. రైలు టికెట్లూ అమ్ముడవుతాయి, ఆట సామగ్రీ అమ్ముడవుతుంది.

ఇద్దరిలో ఒక్కరే అయితే? రాజకీయ వార్తలు రోజూ చూసేవాళ్లు, జర్నలిజం, లా చదివేవాళ్లు ఆర్వెల్‌ను తీసుకోండి. ఇంగ్లీషు కూడా తేట. రీల్స్ చూస్తూ రాత్రి ఒంటిగంట దాటుతోందని బాధపడేవాళ్లు హక్స్‌లీని తీసుకోండి, కానీ మొదటి మూడు అధ్యాయాలకు ఓపిక పట్టండి. మూడో అధ్యాయంలో మూడు నాలుగు సంభాషణలు ఒకదాంట్లో ఒకటి కలిపి రాశాడు. అక్కడ చాలామంది పుస్తకం మూసేస్తారు. అది దాటితే తర్వాత సాఫీ.

బ్రాడ్‌బరీ: టీనేజి పిల్లలున్న ఇంటికి

రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ (1953) పుస్తకాలు తగలబెట్టే అగ్నిమాపక దళం కథ. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లైబ్రరీ కింది గదిలో, అరగంటకు పది సెంట్లు చొప్పున అద్దెకిచ్చే టైప్‌రైటర్ మీద దీని తొలి రూపాన్ని కొట్టాడు. సెన్సార్‌షిప్ నవల అని దీనికి పేరు. కానీ అందులో అధికారి బియటీ చెప్పే మాట వినండి: ఇది ప్రభుత్వం మొదలుపెట్టింది కాదు. ముందు జనమే చదవడం మానేశారు. పెద్ద పుస్తకాన్ని పదిహేను నిమిషాల రేడియో కార్యక్రమం చేశారు, దాన్ని రెండు నిమిషాలకు కుదించారు, చివరికి డిక్షనరీలో పది పన్నెండు లైన్లకు తెచ్చారు. తగలబెట్టడం ఆ తర్వాతి సంగతి.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఇంటి లోపలి బొమ్మ. కథానాయకుడు మాంటాగ్ భార్య మిల్‌డ్రెడ్ రాత్రంతా చెవుల్లో గవ్వల్లాంటి చిన్న రేడియోలు పెట్టుకుని పడుకుంటుంది. ముందుగదిలో మూడు గోడలూ తెరలే. నాలుగో గోడ కూడా కావాలని పోరు. రెండు వేల డాలర్లు, మొగుడి ఏడాది జీతంలో మూడో వంతు. ఆ తెరల మీద నాటకంలో ఆమెకూ ఒక పాత్ర పోస్టులో పంపుతారు. నటులంతా మాట్లాడుతూ ఆమె వైపు తిరిగి, నువ్వేమంటావని అడుగుతారు. బాగుందనే అనుకుంటున్నా అని ఆమె చదవాలి. అంతే ఆమె వేషం. పరాయివాళ్ల గొడవలో ఒక్క మాటకు చోటిచ్చి మనిషిని రోజంతా కట్టిపడేయడం ఎలాగో దీన్ని చూసి నేర్చుకున్నట్టుంది. తామిద్దరూ మొదటిసారి ఎక్కడ కలుసుకున్నారో మొగుడికీ గుర్తులేదు, పెళ్లానికీ గుర్తులేదు.

ఇంటర్ చదివే పిల్లలకు ఈ అయిదుగురిలో ముందుగా ఇవ్వదగ్గది ఇదే. చిన్నది, కథ పరుగెత్తుతుంది. ఒక్క హెచ్చరిక: వాక్యాలనిండా ఉపమలు, రూపకాలు. మొదటి ఇరవై పేజీలు పక్కన కూర్చుని చదివిపెడితే పిల్లలు తర్వాత తామే పోతారు.

ఫిలిప్ కె. డిక్ గురించి రెండు మాటలు చాలు. ‘ఉబిక్’ (1969) మొత్తం చదవాలంటే తికమకను ఇష్టపడే మనసుండాలి. కానీ మొదట్లో ఒక దృశ్యం ఉంది. జో చిప్ తన ఇంట్లోంచి బయటికి పోవాలంటే తలుపు అయిదు సెంట్లు అడుగుతుంది. జేబులో చిల్లర లేదు. అది ఇచ్చేవాడి ఇష్టం కదా అని వాదిస్తాడు. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన ఒప్పందం తీసి చూసుకోమంటుంది తలుపు. చూస్తాడు. నిజమే, కట్టి తీరాలి. కత్తి తెచ్చి బందుల మరలు విప్పబోతే కేసు పెడతానంటుంది. కొనుక్కున్న వస్తువు కూడా నెలనెలా చందా కట్టకపోతే పనిచేయని ఈ రోజుల్లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులందరికీ ఆ రెండు పేజీలు చూపించాలనిపిస్తుంది.

బట్లర్: నీళ్లు, గోడలు, అప్పులు

ఆక్టేవియా బట్లర్ కాలిఫోర్నియాలోని పాసడీనాలో 1947లో పుట్టిన నల్లజాతి రచయిత్రి. 1993లో ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’ రాసింది. నవల డైరీ రూపంలో ఉంటుంది, మొదటి తేదీ 2024 జూలై 20. ఆ రోజు లారెన్ ఒలామినాకు పదిహేనేళ్లు నిండుతాయి. లాస్ ఏంజెలిస్‌కు ఇరవై మైళ్ల దూరంలో, చుట్టూ గోడ కట్టుకున్న ఒక చిన్న వీధి. వానలు పడటం అరుదు. నీళ్లు పెట్రోలుకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. పోలీసు వస్తే ఫీజు అడుగుతాడు. గోడ బయట ఇల్లూ వాకిలీ లేని జనం.

హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటూ వేసవిలో ట్యాంకర్ల కోసం ఫోన్లు చేసేవాళ్లకు దీన్ని చదవడానికి ముందుమాట అక్కర్లేదు. ఊళ్లో చెరువు ఎండినప్పుడు గోడ లోపలున్నవాళ్లు ఎన్నాళ్లు నిలుస్తారన్నదే నవలంతా నడిచే ప్రశ్న.

ఒక ఘట్టం చూడండి. గోడ ఏదో ఒకరోజు కూలుతుందని లారెన్‌కు అర్థమవుతుంది. స్నేహితురాలితో చెబుతుంది: అడవి మొక్కల్లో తినదగ్గవేవో నేర్చుకుందాం, విత్తనాలు, నీళ్లు, డబ్బు మూట కట్టి ఉంచుకుందాం అని. ఆ పిల్ల భయపడి ఇంట్లో చెప్పేస్తుంది. ఊరంతా గుసగుసలు. పాస్టరైన తండ్రి లారెన్‌ను కూర్చోబెట్టి మందలిస్తాడు. అయితే నువ్వు అన్నది తప్పు అనడు. భయపెట్టడంకన్నా నేర్పడం మేలంటాడు. అక్కడి నుంచి ఆ అమ్మాయి పద్ధతి మారుతుంది. మిగతా నవలల్లో జరగబోయే కీడు మాత్రమే కనబడుతుంది, ఎదుర్కోవడం ఎలాగన్న ఆలోచన ఉండదు. విన్‌స్టన్ ఓడిపోతాడు, హక్స్‌లీ నవలలో అందరూ ‘అనాగరికుడు’ అని పిలిచే యువకుడు ఉరేసుకుంటాడు. లారెన్ నడుస్తుంది, నలుగురిని పోగుచేసుకుంటుంది, విత్తనం నాటుతుంది. నేను బట్లర్‌ను ముందుకు తేవడానికి ఇదొక పెద్ద కారణం.

నవలలో ఒలివార్ అనే సముద్రతీర పట్టణం తనను తాను ఒక కంపెనీకి అమ్ముకుంటుంది. రక్షణ దొరుకుతుంది, నీళ్లు దొరుకుతాయి, జీతం మాత్రం ఖర్చులకు చాలదు. అప్పు పెరుగుతుంది, అప్పు తీరేదాకా కదలడానికి లేదు. వెట్టి అంటే ఏమిటో తాతల నోట విన్న తెలంగాణ పాఠకులకు ఇది కొత్తగా ఉండదు.

బట్లర్ దీన్ని జోస్యం అనుకోలేదు. ఇప్పుడు మనం పట్టించుకోకుండా వదిలేస్తున్న సమస్యలను చూసి, అవి పెరగడానికి ఒక ముప్ఫై ఏళ్లు గడువిచ్చానంతే అని ఒక విద్యార్థికి జవాబు చెప్పింది. నవలలో 2025 ఫిబ్రవరి 1 నాటి డైరీలో వీధిలో ఒక ఇంటి గ్యారేజీకి నిప్పంటుకుంటుంది. నిజంగానే 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్ మంటలు వచ్చాయి, ఆమెను సమాధి చేసిన ఆల్టడీనా పట్టణం చాలా భాగం కాలిపోయింది. రెండో భాగం ‘పారబుల్ ఆఫ్ ద టాలెంట్స్’ (1998)లో అమెరికాను మళ్లీ గొప్పది చేస్తానని నినాదమిచ్చే అధ్యక్ష అభ్యర్థి ఉన్నాడు. దాన్ని చూసి అద్భుతమంటారు గానీ రీగన్ 1980లోనే దాదాపు ఆ నినాదం వాడాడు. పేపర్లు శ్రద్ధగా చదివి, గుర్తు పెట్టుకోవడంలోనే ఆమె గొప్పతనం ఉంది. ఆమె 2006లో పోయింది, 2020లో గానీ ఈ నవల న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ల పట్టీలోకి రాలేదు.

ఇందులో హింస, అత్యాచారం దాచకుండా రాసింది. పదహారేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. భాష మాత్రం చిన్న చిన్న వాక్యాలు, డైరీ కాబట్టి రోజుకు నాలుగు పేజీలు చదివినా దారం తెగదు.

మిగిలినవాళ్లు

యెవ్‌గెనీ జమ్యాతిన్ రష్యన్ నవల ‘మేము’ 1924లో ఇంగ్లీషులో ముందుగా వచ్చింది, సొంత దేశంలో 1988 దాకా వెలుగు చూడలేదు. గాజు గోడల ఇళ్లు, పేర్లకు బదులు నంబర్లు. ఆర్వెల్ నచ్చినవాళ్లు ఆ తర్వాత చదవాల్సింది. మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985)లో ఒకే రోజున దేశంలో ఆడవాళ్లందరి బ్యాంకు ఖాతాలు పనిచేయడం ఆగిపోతాయి. డబ్బంతా కంప్యూటర్‌లోకి వెళ్లాక ఒక వర్గాన్ని రోడ్డున పడేయడం ఎంత సులువో చూపిన ఆ ఘట్టం కోసమైనా చదవాలి. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ ఇందులో పెట్టకూడదని ఆమె నియమం పెట్టుకుంది.

పుస్తకాలు దొరకడం, ఖర్చు సంగతి. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లు. ఆ లెక్కన ఆర్వెల్ 2011 నుంచి, హక్స్‌లీ 2024 నుంచి అందరి సొత్తు. అందుకే ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ రకరకాల ప్రచురణల్లో చవకగా దొరుకుతుంది. కొన్నిటిలో అక్షరం మరీ చిన్నది, కొనేముందు తెరిచి చూసుకోండి. చివర ‘న్యూస్పీక్’ (నవలలో ప్రభుత్వం తయారుచేసే కొత్త భాష) మీద ఉన్న అనుబంధం ఉందో లేదో కూడా చూడండి. ఆర్వెల్‌ను కాగితం మీదే కొనమంటాను. 2009 జూలైలో హక్కులు లేని అమ్మకందారు పెట్టాడని అమెజాన్ ఈ పుస్తకాన్ని పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి తీసేసి డబ్బు వాపసిచ్చింది, ఆ తర్వాత క్షమాపణ చెప్పింది. ఫోర్‌స్టర్ కథ విడిగానూ, ‘ది ఎటర్నల్ మొమెంట్’ అనే 1928 నాటి సంపుటిలోనూ ఉంది. బ్రాడ్‌బరీ, డిక్, బట్లర్ పుస్తకాలకు ఇంకా హక్కులున్నాయి కాబట్టి ధర ఎక్కువే. కలిసి చదివే స్నేహితులు నలుగురుంటే ఒక ప్రతి కొని చేతులు మార్చుకోండి.

అలా కలిసి చదివేవాళ్లు మొదటి సమావేశానికి ఫోర్‌స్టర్ పెట్టుకోండి. అందరూ పూర్తిచేసి వస్తారు, చదవకుండా వచ్చి తలూపేవాళ్లు ఉండరు. రెండో నెల ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’. ఆర్వెల్, హక్స్‌లీలను మాత్రం వెంటవెంటనే పెట్టకండి, చర్చ మళ్లీ ఎవరు గెలిచారన్న దగ్గరికే పోతుంది. మధ్యలో బ్రాడ్‌బరీని పెడితే ఇద్దరి మాటా అక్కడ కలుస్తుంది. బట్లర్ రెండో భాగం తప్పనిసరి కాదు. మొదటిది తనంతట తాను ఒక చోటికి చేరి ఆగుతుంది. రెండోది ఇంకా చీకటిగా ఉంటుంది, లారెన్ కూతురి వైపు నుంచి తల్లిని నిలదీస్తుంది. మూడో భాగం కోసం బట్లర్ ఎన్నోసార్లు మొదలుపెట్టిన చిత్తు ప్రతులు మిగిలాయి, నవల మాత్రం పూర్తికాలేదు.